రెండు చార్టులు, ఒకే బిడ్డ: టీకాల దగ్గర అసలు తేల్చుకోవాల్సింది ఏమిటి?

తల్లీబిడ్డల కార్డులో నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు వరసగా ఉంటాయి. తర్వాత తొమ్మిదో నెల దాకా సూది మాటే ఉండదు. ఆపైన పదహారో నెల, అయిదేళ్లు, పదేళ్లు, పదహారేళ్లు. పిల్లల డాక్టరు ఇచ్చే రంగుల చార్టు అలా ఉండదు. అందులో ఆరో నెలకు ఒక సూది, ఏడో నెలకు ఇంకొకటి, ఏడాదికి ఒకటి, పదిహేనో నెలకు రెండు మూడు, పద్దెనిమిదికి మళ్లీ ఒకటి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన తల్లిదండ్రులకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: ప్రభుత్వం తక్కువ వేస్తోందా, ప్రైవేటువాళ్లు ఎక్కువ అమ్ముతున్నారా?

రెండు చార్టులూ రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. దేశంలో ఏటా పుట్టే రెండు కోట్లకు పైగా పిల్లల్లో ఎక్కువమంది ప్రాణం తీసే, ఎక్కువమందిని అవిటివాళ్లను చేసే జబ్బులు ఏవి, వాటిని మారుమూల తండాలో అంగన్‌వాడీ దగ్గర కూడా ఉచితంగా ఆపగలమా? ఇది ప్రభుత్వ చార్టు వేసుకున్న ప్రశ్న. నా ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క బిడ్డకు, ఖర్చు పెట్టుకోగలిగితే, ఇంకా ఏయే జబ్బులను తప్పించవచ్చు? ఇది పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చార్టు, అంటే ఆ రంగుల చార్టు, వేసుకున్న ప్రశ్న. కాబట్టి రెండో చార్టు మొదటిదాన్ని కొట్టివేసేది కాదు, దానిమీద కొన్ని కలిపేది. డబ్బు ఎక్కడ పెట్టాలన్న లెక్క ఇక్కడే మొదలవుతుంది. చాలామంది పొరపడేది కూడా ఇక్కడే.

ప్రభుత్వ కార్డులో ఉన్నవి చిన్న జబ్బుల టీకాలు కావు. పుట్టగానే క్షయకు బీసీజీ, కాలేయ జబ్బు హెపటైటిస్ బికి సూది, పోలియో చుక్కలు. నెలన్నరకు పెంటావలెంట్ ఒకే సూదిలో అయిదు జబ్బులను చూసుకుంటుంది: కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, మెదడు పొరలకూ ఊపిరితిత్తులకూ సోకే హిబ్. దానితోపాటు న్యుమోనియాకు పీసీవీ, విరేచనాలకు రోటా చుక్కలు, పోలియోకు చుక్కలూ సూదీ. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రూబెల్లాలకు ఎంఆర్, దానితోపాటు విటమిన్ ఎ ద్రావణం. జపనీస్ మెదడువాపు తిరిగే జిల్లాల్లో జేఈ టీకా. బజారులో కొంటే ఇవన్నీ కలిపి వేల రూపాయలవుతాయి. రోటా టీకాను దేశంలో ప్రభుత్వ కార్యక్రమంలో మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2016లో. ఆ చుక్కల మందు హైదరాబాద్‌లో తయారైందే.

మరి ప్రైవేటు చార్టులో మాత్రమే ఉన్నవి? టైఫాయిడ్, గవదబిళ్లలు, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, ఫ్లూ. ఇవి ప్రభుత్వం మామూలుగా వేయనివి, అంటే నిజమైన ఖాళీలు. పెంటాకు బదులు హెక్సా (పెంటాకు పోలియో సూది మందు కలిపినది), ప్రభుత్వ పీసీవీకి బదులు ఖరీదైన పీసీవీ మాత్రం ఖాళీలు నింపేవి కావు, ఉన్నదాన్నే మార్చేవి. చేతిలో పదివేలే ఉన్న కుటుంబం దాన్ని మొత్తం మొదటి మూడున్నర నెలల్లో బ్రాండు మార్చడానికే ఖర్చు చేసి, తొమ్మిదో నెలకు వచ్చేసరికి టైఫాయిడ్ టీకాకు డబ్బు లేదని వదిలేయడం ఎక్కువగా జరిగే తప్పు. మా లెక్కలో దీన్ని తిరగేయాలి. ప్రభుత్వం ఇచ్చేవన్నీ ప్రభుత్వం దగ్గరే వేయించండి, మిగిలిన డబ్బు ఖాళీలమీద పెట్టండి.

ఖాళీల్లో ముందు ఏది? తాగునీటి గొట్టమూ మురుగుకాలువా పక్కపక్కనే నడిచే ఊళ్లలో టైఫాయిడ్ మొదటిది. కాంజుగేట్ రకం (క్రిమి పైపొర ముక్కను ఒక ప్రొటీనుకు జతచేసి చేసిన టీకా) అయితే ఆరో నెల నిండాక ఒక్క డోసు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాద్ భారత్ బయోటెక్‌ది. కొనేటప్పుడు పెట్టెమీద కాంజుగేట్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. పాత రకం టైఫాయిడ్ టీకా రెండేళ్లలోపు పిల్లలకు పనిచేయదు, మూడేళ్లకోసారి మళ్లీ వేయించాలి కూడా. తర్వాత గవదబిళ్లలు. తొమ్మిదో నెలలో ప్రభుత్వ ఎంఆర్ వేయించుకుని, పదిహేనో నెలలో బయట ఎంఎంఆర్ వేయిస్తే తట్టు, రూబెల్లాలకు రెండో డోసు, గవదబిళ్లలకు మొదటి డోసు ఒకేసారి అయిపోతాయి. ఆ సంగతి కార్డులో రాయించాలి, లేకపోతే పదహారో నెలలో ఆశా కార్యకర్త మీ ఇంటికి మళ్లీ వస్తుంది. పొరపాటున ఎంఆర్ ఇంకొకటి పడినా హాని లేదు. ఆటలమ్మకు రెండు డోసులు, మొదటిది పదిహేనో నెలలో. ఫ్లూ టీకా మొదటి ఏడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఎక్కువవుతుంది కాబట్టి జూన్‌కు ముందు వేయిస్తే ప్రయోజనం ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఆయాసం వచ్చే బిడ్డ, గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ అయితే ఈ వరసలో ఫ్లూను పైకి జరపండి.

పీసీవీ గురించి ఒక్క మాట. ప్రభుత్వం వేసేది న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమిలో పది రకాలకు, ప్రైవేటులో ఎక్కువగా వేసేది పదమూడు రకాలకు. తేడా 3, 4, 18సి అనే మూడు రకాలు. పదిలో లేనివి పదమూడులో ఉన్నాయన్నది నిజమే, కానీ పది రకాల టీకాను ఆసియా, ఆఫ్రికా పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకాలను చూసే కూర్చారు. ఆ మూడింటికోసం మూడు డోసులకూ వేల రూపాయలు పెట్టడం తప్పేమీ కాదు. టైఫాయిడ్‌ను వదులుకుని పెట్టడమే తప్పు.

నొప్పి సూది, నొప్పిలేని సూది

క్లినిక్‌లో తల్లిదండ్రులను అడిగే ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఇదే: "పెయిన్‌ఫుల్ కావాలా, పెయిన్‌లెస్ కావాలా?" ప్రశ్న వేసిన తీరులోనే జవాబు ఉంది. బిడ్డకు నొప్పి కావాలని ఎవరంటారు?

సూది గుచ్చితే రెండింటికీ నొప్పి ఒకటే. తేడా కోరింత దగ్గు టీకా తయారీలో ఉంది. మొదటి రకంలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వాడతారు, దీన్ని హోల్ సెల్ అంటారు. రెండో రకంలో ఆ క్రిమి నుంచి రెండు మూడు ప్రొటీన్లనే వేరు చేసి వాడతారు, ఇది ఎసెల్యులర్. మొత్తం క్రిమిని చూసిన శరీరం గట్టిగా స్పందిస్తుంది: ఆ రాత్రి జ్వరం, తొడమీద వాపు, చిరాకు, ఏడుపు. కొద్ది ప్రొటీన్లే చూసిన శరీరం ఊరుకుంటుంది. దానికి మూల్యం ఏమిటంటే, ఎసెల్యులర్ రక్షణ తొందరగా తరిగిపోతుంది. అమెరికా 1990ల్లో పూర్తిగా ఎసెల్యులర్‌కు మారింది. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు పెద్దయెత్తున వచ్చినప్పుడు టీకాలన్నీ వేయించుకున్న బడిపిల్లలకు కూడా సోకింది. కారణాల్లో ఒకటి ఈ తరుగుదలే.

కాబట్టి ఆ ప్రశ్నను ఇలా వేసుకోవాలి: ఒక రాత్రి జ్వరం తట్టుకుని ఎక్కువ కాలం రక్షణ తీసుకుందామా, లేక ఆ రాత్రి తప్పించుకుని బూస్టర్లు తేదీ తప్పకుండా వేయిద్దామా? మొదటిది చాలు అనేది మా అభిప్రాయం, ముఖ్యంగా బూస్టర్ల దగ్గర బద్ధకించే ఇళ్లకు. అయితే మొదటి డోసుకు బిడ్డకు మూర్ఛ వచ్చినా, మూడు గంటలకు మించి ఆగకుండా ఏడ్చినా, ఒళ్లు వదిలేసి పాలిపోయినా మిగతా డోసులకు ఎసెల్యులర్ వాడవచ్చో లేదో డాక్టరుతో మాట్లాడటం సబబు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: హెక్సా అంటే నొప్పిలేనిది అని కాదు. హెక్సా రెండు రకాల్లోనూ దొరుకుతుంది. అందులో అదనంగా ఉండేది పోలియో సూది మందు మాత్రమే.

ఒకే రోజు మూడు సూదులు

నెలన్నర టీకా రోజు ప్రభుత్వ కేంద్రంలో జరిగేది ఇది. నోట్లో పోలియో రెండు చుక్కలు, రోటా మందు. ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు పీసీవీ. కుడి భుజం చర్మంలోకి పోలియో సూది. నానమ్మ చూసి అంటుంది: "అంత పసిగుడ్డుకు ఇన్నా? ఇవాళ ఒకటి వేసి, వచ్చే వారం ఇంకొకటి వేయొచ్చుగా."

వినడానికి దయగానే ఉంటుంది. లెక్కలో మాత్రం బిడ్డకే నష్టం. మూడు సూదులు మూడు రోజుల్లో వేసినా సూదులు మూడే, జ్వరం రాత్రులు ఒకటికి బదులు మూడు, కూలి పోయే రోజులు మూడు. వారం వారం అనుకున్నది సంతకూ పెళ్లికీ పనికీ జరిగి నెల అవుతుంది. కోరింత దగ్గు ఎక్కువగా ప్రాణం తీసేది మూడు నెలల్లోపు పిల్లలకే, న్యుమోనియా కూడా పసితనంలోనే ప్రమాదం. వాయిదా వేసే ప్రతి వారమూ ఆ వయసులోంచే పోతుంది. ఒకే తొడకు రెండు సూదులు వేయాల్సి వచ్చినా మధ్యలో అంగుళం దూరం ఉంటే చాలు. నొప్పి తగ్గించాలంటే సూది వేసేటప్పుడు బిడ్డను పడుకోబెట్టకుండా తల్లి ఒళ్లోనే పట్టుకుని, వెంటనే రొమ్ము అందించడం బాగా పనిచేస్తుంది.

పోలియోకు చుక్కలూ సూదీ రెండూ ఎందుకన్నది ఇక్కడే చెప్పాలి. 2016 ఏప్రిల్ 25న దేశమంతా చుక్కల మందులోంచి రెండో రకం పోలియోను తీసేశారు. అప్పటినుంచి రెండో రకానికి రక్షణ సూదితోనే వస్తోంది. ఆ ఏడాది జూన్‌లోనే హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనబడింది. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు ప్రత్యేకంగా ఈ సూదులు వేశారు. ఇప్పుడు వేసేది 0.1 మిల్లీలీటరు, అంటే పూర్తి డోసులో అయిదో వంతు. చర్మం పొరల్లోకే వేస్తారు కనుక అంత చాలు. సరిగ్గా పడితే అక్కడ నారింజ తొక్కలా చిన్న బుడిపె లేస్తుంది. 2023 జనవరి నుంచి తొమ్మిదో నెలలో మూడో డోసు కలిపారు. పెద్దబిడ్డ కార్డులో రెండే ఉండి చిన్నబిడ్డకు మూడు రాస్తే నర్సమ్మ పొరబడిందని అనుకోనక్కర్లేదు.

తేదీ తప్పితే

తెలుగు ఇళ్లలో తేదీలు తప్పడానికి ఒక పెద్ద కారణం మన ఆచారమే. తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి ప్రయాణం. నెలన్నర టీకా ఒక ఊళ్లో, మూడున్నర నెలల టీకా ఇంకో ఊళ్లో. మధ్యలో ఆషాఢం, మంచిరోజు, దారిలో జలుబు. కార్డు పుట్టింటి బీరువాలో. అయిదో నెలలో కొత్త ఊరి నర్సమ్మ "ఎన్ని పడ్డాయమ్మా?" అంటే తల్లి జవాబు "రెండనుకుంటా".

ఆలస్యమైందని మొదటి నుంచి మొదలుపెట్టరు. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. పడిన డోసు పడినట్టే, శరీరం దాన్ని మరిచిపోదు. ఆగినచోటి నుంచి కొనసాగించాలి. దగ్గరగా వేయడమే పనికిరాదు. పెంటా డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు, పీసీవీకీ పోలియో సూదికీ కనీసం ఎనిమిది వారాలు ఉండాలి. నెలన్నరకు మొదటి డోసులు పడి, అయిదు నెలలకు వచ్చిన బిడ్డనే తీసుకోండి. ఆ రోజే రెండో పెంటా, రెండో పీసీవీ, రెండో పోలియో సూది, చుక్కలు, రోటా అన్నీ పడతాయి. నాలుగు వారాల తర్వాత మూడో పెంటా, రోటా, చుక్కలు. ఆరు నెలలకల్లా బిడ్డ మిగతా పిల్లలతో సమానమవుతుంది.

కొన్ని టీకాలకు మాత్రం వయసు తలుపులు ఉన్నాయి, అవి మూసుకుంటాయి. హెపటైటిస్ బి మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే. ఆ గడువు ఎందుకంటే, తల్లి నుంచి కాన్పులో ఈ వైరస్ సోకిన పిల్లల్లో పదికి తొమ్మిది మందికి అది జీవితాంతం కాలేయంలో ఉండిపోతుంది. ఆదివారం పుట్టిన బిడ్డకు "రేపు నర్సు వచ్చాక" అంటే ఒప్పుకోకండి. తల్లికి వైరస్ ఉందని పరీక్షలో తేలితే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా తయారైన యాంటీబాడీల) సూది కూడా 12 గంటల్లోపు పడాలి. పుట్టినప్పటి పోలియో చుక్కలు 15 రోజుల దాకా. బీసీజీ, పెంటా మొదటి డోసు, పీసీవీ మొదటి డోసు ఏడాది దాకా. ఏడాది దాటిన బిడ్డకు ఒక్క పెంటా కూడా పడలేదంటే ఇక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకే ఉండే సూది) వేస్తారు. ఎంఆర్ అయిదేళ్ల దాకా, డీపీటీ ఏడేళ్ల దాకా. రోటా మొదటి డోసు ప్రభుత్వ లెక్కలో ఏడాదిలోపు ఎప్పుడైనా పడొచ్చు. ప్రైవేటు డాక్టర్లు నాలుగో నెల దాటితే మొదలుపెట్టడానికి జంకుతారు. వయసు పెరిగేకొద్దీ పేగు పేగులోకి దూరే ప్రమాదం సహజంగానే ఎక్కువ కాబట్టి. ఇద్దరి మాటలూ వేరుగా వినబడటానికి కారణం అదే. నెలన్నరకే మొదలుపెడితే ఈ గొడవే లేదు.

తొమ్మిదో నెల ఎంఆర్‌ను ముందుకు జరపమని అడిగేవాళ్లూ ఉంటారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (క్రిములతో పోరాడే రక్షణ ప్రొటీన్లు) అప్పటిదాకా బిడ్డ రక్తంలో ఉండి టీకా వైరస్‌ను పనిచేయనీయవు. తొమ్మిదో నెలలో వేసినా వందలో ఎనభై అయిదు మందికే రక్షణ వస్తుంది. మిగిలిన పదిహేను మందిని పట్టుకోవడానికే పదహారో నెల డోసు. దాన్ని బూస్టర్ అనుకుని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి ఆ పదిహేను మందికి అదే మొదటి డోసు.

జలుబు, కొద్దిపాటి జ్వరం, పళ్లు రావడం, రెండు మూడు విరేచనాలు, యాంటీబయాటిక్ వాడుతుండటం, బరువు తక్కువ, ఇంట్లో ఎవరికో మూర్ఛ: ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు, నెలలు సర్దరు. అసలు కారణాలు కొద్దే. ముందు డోసుకు ప్రమాదకరమైన అలర్జీ రావడం, కోరింత దగ్గు టీకా పడ్డ వారంలో మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనబడటం, బీసీజీ, ఎంఆర్ లాంటి బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసిన టీకాలకైతే రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిని ఉండటం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుతో ఉండటం. బతికున్న క్రిమితో చేసిన రెండు టీకా సూదులు, ఉదాహరణకు ఎంఎంఆర్, ఆటలమ్మ, ఒకే రోజు వేయొచ్చు. తప్పిపోతే మాత్రం 28 రోజులు ఆగాలి. పది రోజుల తేడాతో వేస్తే రెండోది లెక్కలోకి రాదు.

కొన్నిసార్లు వాయిదా టీకా కేంద్రం నుంచే వస్తుంది. బుధ, శనివారాల్లో టీకాలకు వెళితే "ఒక్క బిడ్డే ఉంది, సీసా తీస్తే వృథా అవుతుంది, వచ్చే బుధవారం రండి" అంటారు. బీసీజీ, ఎంఆర్ పొడి మందులు. నీరు కలిపాక నాలుగు గంటల్లో పారేయాలి, అందుకే ఆ మాట. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తీయాలన్నదే నియమం, వృథా లెక్క అందులో ముందే ఉంది. నెమ్మదిగా అడిగితే చాలామంది తీస్తారు. నాలుగు గంటల నియమం మాత్రం కాగితంమీది మాట కాదు. కలిపిన ఎంఆర్‌లో క్రిములు పెరిగితే బిడ్డకు గంటల్లో వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణంమీదికి వస్తుంది. సీసామీద కలిపిన టైమ్ రాసి ఉంటుంది, చూడటానికి మొహమాటపడక్కర్లేదు. సీసామీద ఇంకో గుర్తు కూడా ఉంటుంది: గుండ్రని చుక్క, దానిలో చతురస్రం. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న రంగుకన్నా లేతగా ఉంటే మందు వేడికి పాడవలేదు. రెండూ ఒకే రంగుకు వచ్చినా, లోపలిది ముదిరినా వాడకూడదు. ఆ గుర్తు వేడిని చూపిస్తుంది గానీ గడ్డకట్టడాన్ని చూపించదు. పెంటా, డీపీటీ, హెపటైటిస్ బి గడ్డకడితే పనికిరావు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో ఐస్ గదికి ఆనించి టీకాలు పెట్టుకునే చిన్న క్లినిక్‌లలో అసలు భయం ఇదే. అక్కడ ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, 2 నుంచి 8 డిగ్రీలు చూస్తారా అని అడగడం బ్రాండు అడగడంకన్నా తెలివైన పని.

ఆ రాత్రి

సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి. ప్రమాదకరమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి అన్నంత అరుదు, కానీ వస్తే నిమిషాల్లోనే వస్తుంది, దానికి మందు కేంద్రంలోనే ఉంటుంది.

పెంటా తర్వాత జ్వరం ఆ సాయంత్రమే మొదలై, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎంఆర్ జ్వరం అలా కాదు, వారం పది రోజుల తర్వాత వస్తుంది, ఒంటిమీద కొద్దిగా దద్దుర్లూ రావొచ్చు. ఈ తేడా తెలియకపోతే మొదటిదానికి అతిగా భయపడి రెండోదాన్ని వేరే జబ్బు అనుకుంటారు. బీసీజీ అయితే రెండు మూడు వారాలకు పొక్కై, చీము పట్టి, రెండు మూడు నెలల్లో మానుతుంది. దానిమీద పసుపు, నూనె, పౌడరు ఏవీ వద్దు. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించాల్సిన పని లేదు. తొడమీద గట్టి గడ్డ కొన్ని వారాలు ఉండొచ్చు, దాన్ని పిసకకూడదు, కాపడం పెట్టకూడదు. తడిబట్ట చాలు.

పారాసిటమాల్ ముందుజాగ్రత్తగా వేయకండి, జ్వరం వస్తేనే. ముందే వేస్తే కొన్ని టీకాలకు యాంటీబాడీలు కాస్త తక్కువగా వస్తున్నట్టు పరిశోధనల్లో తేలింది. డోసు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. నాలుగున్నర కిలోల బిడ్డకు 50 మిల్లీగ్రాములు. ప్రమాదం సీసా దగ్గర ఉంది. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి, కాబట్టి అర మిల్లీలీటరు. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125, కాబట్టి 2 మిల్లీలీటర్లు. ఇంకో సిరప్ 5కు 250 ఉంటుంది. "పోయినసారి రెండు వేశాం" అని చుక్కల మందు రెండు మిల్లీలీటర్లు వేస్తే నాలుగింతలు పడినట్టు. సీసా మారితే లెక్క మారుతుంది. 2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకాల తర్వాత జ్వరానికి ఇచ్చిన మాత్రలు పొరపాటున పారాసిటమాల్ కాకుండా ట్రమడాల్ అయ్యాయి. పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. టీకాలో దోషం లేదు, మాత్రలో ఉంది. ఎవరు ఇచ్చినా మాత్ర అట్టమీది పేరు చదివాకే బిడ్డకు వేయాలి. జ్వరం రెండు రోజులు దాటినా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా అది టీకా జ్వరమేలే అని ఇంట్లో కూర్చోకండి.

ఎంఎంఆర్‌తో ఆటిజం వస్తుందన్న వాట్సాప్ సందేశాలు ఇంకా తిరుగుతున్నాయి. వాటి మూలం 1998లో బ్రిటన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో పన్నెండు మంది పిల్లలమీద వచ్చిన ఒక వ్యాసం. పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకా వేయించుకున్న, వేయించుకోని పిల్లల మధ్య తేడా కనబడలేదు. అయినా భయం ఎందుకు అంటుకుంటుందంటే, మాటలు రావాల్సిన వయసూ ఎంఎంఆర్ వేసే వయసూ ఒకటే. పదిహేనో నెలలో సూది పడింది, పద్దెనిమిదిలో బిడ్డ పిలిస్తే పలకడంలేదని తేలింది. ఒకదాని తర్వాత ఒకటి వచ్చిందంతే.

బడికి వెళ్లాక, విమానం ఎక్కాక

రెండేళ్లు దాటాక కార్డు ఎవరూ తీయరు. పదహారో నెల డీపీటీ బూస్టర్, అయిదేళ్ల డీపీటీ, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ మిగిలిపోతాయి. కంఠసర్పి రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఇప్పటికీ కంఠసర్పితో బడి వయసు పిల్లలు వస్తుండటం వెనక పెద్ద కారణం ఇలా మిగిలిపోయిన డోసులే. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడదు, దాని విషం గుండెను పట్టుకుంటుంది. మేకు గుచ్చుకుంటే టీటీ వేయించేవాళ్లు ఇప్పుడు టీడీ అని అడగాలి. అందులో ధనుర్వాతంతోపాటు కంఠసర్పికీ రక్షణ ఉంటుంది.

అమెరికాకు వెళ్లే కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి బడులు ఏడాది నిండకముందు పడిన తట్టు టీకాను లెక్కలోకి తీసుకోవు, కాబట్టి మన తొమ్మిదో నెల ఎంఆర్ పోయినట్టే. ఎంఆర్‌లో గవదబిళ్లలు లేవు కనుక ఏడాది తర్వాత రెండు ఎంఎంఆర్‌లు చూపించాల్సి వస్తుంది. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కలు కూడా అక్కడ చెల్లవు, సూది కావాలి. ఇవి తెలియక ఆగస్టులో అడ్మిషన్ వారం ముందు పరుగులు పెడతారు. అటునుంచి ఇటు వచ్చే పిల్లలకు తిరగేసి చూడాలి. ఆరు నెలలు నిండి ఏడాదిలోపు ఉన్న బిడ్డతో తాతగారింటికి వస్తుంటే బయలుదేరే ముందే ఒక ఎంఎంఆర్ వేయిస్తారు, అది అదనం, ఏడాది తర్వాతి రెండూ మామూలుగా పడాలి. టైఫాయిడ్ సూది అక్కడ రెండేళ్లు నిండినవాళ్లకే ఇస్తారు. అంతకన్నా చిన్నబిడ్డకు ఇక్కడికి వచ్చాక కాంజుగేట్ వేయించవచ్చు, కానీ రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. వచ్చిన రోజే బయట పానీపూరీ బండి దగ్గరికి తీసుకెళ్లకండి.

కార్డు పోతే నర్సమ్మ రిజిస్టరులో ఉంటుంది, ఇప్పుడు ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు యూ-విన్‌లో నమోదైన పిల్లలకు ఫోన్లోనూ దొరుకుతుంది. ఎక్కడా లేకపోతే పడనట్టే లెక్కవేసి వయసుకు తగ్గవి వేస్తారు, ఒక డోసు ఎక్కువ పడితే నష్టం లేదు. ప్రతి టీకా రోజూ ఇంటికి వచ్చాక కార్డు రెండువైపులా ఫోటో తీసి భార్యాభర్తల ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. ప్రైవేటులో వేయించినవాటిని కూడా అదే కార్డులో తేదీ, బ్యాచ్ నంబరుతో రాయించండి.